ఆ యాభై లారీలు మిల్లు గేటు ముందున్నాయి

సంపాదకులు గారికి నమస్కారం.

మొన్న మీ జిల్లా పేజీలో పెద్ద ఫొటో వేశారు. రోడ్డు పక్కన వడ్ల బస్తాల వరస, మీద నీలం పట్టా, అది గాలికి లేవకుండా అంచుల మీద రాళ్లు, పక్కనే నెత్తిన తువ్వాలు వేసుకుని కూర్చున్న ఒక పెద్దాయన. లారీల కొరత వల్ల రైతుల ఎదురుచూపులు అని శీర్షిక. ఫొటో బాగుంది, వార్తలో అబద్ధం కూడా ఏమీ లేదు. కాకపోతే ఈ శీర్షిక నేను ఏటా రెండుసార్లు చదువుతున్నాను, యాసంగికి ఒకసారి, వానాకాలానికి ఒకసారి, ఇంచుమించు అదే వారాల్లో. ఏటా అదే తిథికి వచ్చేదాన్ని మనం పండగ అంటాం, నెల ముందే పిండి పట్టించుకుంటాం. దీన్ని మాత్రం ప్రతిసారీ తుఫాను వచ్చినట్టు రాస్తున్నాం, అధికారులు కూడా తుఫాను వచ్చినట్టే పరిగెత్తుతున్నారు.

నేను కోదాడ దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో డిస్పాచ్, అంటే సరుకు లారీల్లో పంపే పని, చూస్తాను, పేరు ఇక్కడ వద్దు. ఇరవై రెండేళ్లయింది. అంతకుముందు కోదాడలోనే ఒక లారీ బుకింగ్ ఆఫీసులో ఎల్ఆర్‌లు, అంటే లారీకి ఎక్కించిన సరుకు రసీదులు, రాసేవాణ్ని. అంటే లారీ దొరకని రోజు ఎలా ఉంటుందో సరుకు పంపేవాడిగా తెలుసు, లారీవాళ్ల పక్కన కూర్చున్నవాడిగా కూడా తెలుసు. ఈసారి రైతు ఇంటి మనిషిగా కూడా తెలిసింది. మా తమ్ముడి వడ్లు 312 బస్తాలు తొమ్మిది రోజులుగా కొనుగోలు కేంద్రంలోనే ఉన్నాయి. తేమ 17 శాతం లోపే వచ్చింది, తూకం అయింది, సంచులు కుట్టేశారు. లారీ రాలేదు. 2025-26 ఏ గ్రేడు మద్దతు ధర క్వింటాలుకు 2,389 రూపాయల చొప్పున వేసుకుంటే దాదాపు మూడు లక్షల రూపాయలు రోడ్డు పక్కన పడుకున్నాయి, వాడు కూడా రాత్రిళ్లు వాటి పక్కనే పడుకుంటున్నాడు. వడ్లు లారీ ఎక్కి, మిల్లులో దిగి, ఆ లారీలో వచ్చిన వడ్ల లెక్క రాసే ట్రక్ షీట్ మీద మిల్లువాళ్లు సంతకం పెట్టి, అది ఆన్‌లైన్లో ఎక్కితే గానీ డబ్బు మాట ఎత్తడానికి లేదు. ఈలోపు వాన పడితే పోయేది వాడిదే.

కేంద్రం చూసే అమ్మాయిని అడిగితే "లారీలు లేవు అంకుల్, కాంట్రాక్టర్‌కు ఫోన్ చేసీ చేసీ నా చార్జింగ్ అయిపోతోంది" అంది. ఆ కాంట్రాక్టర్ నాకు బుకింగ్ ఆఫీసు రోజుల నుంచీ ఎరుకే. ఫోన్ చేశాను. "అన్నా, నా బండ్లు నలభై ఉన్నయి, ఇయ్యాల ఒక్కటి కూడా నా చేతిల లేదు" అన్నాడు. ఎక్కడున్నాయిరా అంటే మిల్లుల ముందున్నాయన్నాడు. నమ్మకం కుదరక సాయంత్రం డ్యూటీ దిగి బైకు మీద అటే వెళ్లాను. మిల్లు గేటు నుంచి మెయిన్ రోడ్డు దాకా వరస. లెక్కపెడితే 27 లారీలు, అన్నీ లోడుతోనే. డ్రైవర్లు కొందరు బండి కింద చాప పరుచుకుని పడుకున్నారు, ఒకాయన మూడు రాళ్ల పొయ్యి మీద టమాటా కూర పెట్టాడు. వరసలో అందరికంటే ముందున్న లారీ వచ్చి మూడు రోజులైందట. ఇంకోటి చెప్పాలి, అక్కడ అంతమందికి మరుగుదొడ్డి లేదు, నీళ్లకు పక్క పొలంలో మోటారే దిక్కు.

ఇప్పుడు చిన్న లెక్క చూడండి, ఇది ఫ్యాక్టరీలో నేను రోజూ వేసే లెక్కే. ఒక మండలం నుంచి రోజుకు 30 లారీల వడ్లు కదలాలి అనుకుందాం. పది టైర్ల బండిలో 40 కిలోల బస్తాలు 450 వేసుకోండి, 18 టన్నులు. మిల్లు ముప్పై, నలభై కిలోమీటర్లలోనే ఉంటుంది. పొద్దున లోడు ఎత్తి, మధ్యాహ్నానికి మిల్లు చేరి, పది మంది హమాలీలు ఉంటే రెండు గంటల్లో దిగుమతి అయిపోయి, రాత్రికి ఖాళీ బండి వెనక్కి వచ్చేస్తుంది. రోజుకు ఒక ట్రిప్పు. అప్పుడు 30 లారీలు చాలు, కాంట్రాక్టర్ దగ్గర 40 ఉన్నాయి కాబట్టి పది మిగులు కూడా. అదే లారీ మిల్లు గేటు ముందు అదనంగా రెండు రోజులు నిలబడింది అనుకోండి, ఒక ట్రిప్పుకు మూడు రోజులు. అదే 30 లోడ్లు రోజూ కదలాలంటే 90 లారీలు కావాలి. ఉన్నవి 40. మీ విలేకరి వచ్చి అడిగితే యాభై లారీలు తక్కువపడ్డాయి అని చెప్తారు, మీరు యాభై లారీల కొరత అని రాస్తారు. అదీ నిజమే. ఇంకోవైపు నుంచి చూస్తే 40 లారీలతో మూడు రోజులకొక ట్రిప్పు అంటే రోజుకు పదమూడు లోడ్లే కదులుతాయి, మిగిలిన పదిహేడు లారీల వడ్లు ప్రతిరోజూ కల్లాల్లో పేరుకుంటూ పోతాయి. వారానికి వందకు పైగా లారీల సరుకు. మా తమ్ముడి బస్తాలు అందులోవే.

అందుకని ఇంకో యాభై లారీలు తెప్పిస్తే? తెప్పిస్తారు కూడా, పైనుంచి ఒత్తిడి వస్తే ఆర్టీఓ వాళ్లను రోడ్డు మీద నిలబెట్టి పోయే బండ్లను ఆపి మరీ పంపడం నేను చూశాను. మా సిమెంటు లోడుకు రావలసిన బండ్లు కూడా అలా పోయాయి, నాకు ఆ వారమంతా టెన్షనే. ఆ వచ్చినవి ఏం చేస్తాయి? లోడు ఎత్తుకుని వెళ్లి అదే వరసలో 28వ బండిగా, 29వ బండిగా నిలబడతాయి. మిల్లు లోపల దిగుమతి వేగం మారలేదు కదా.

మిల్లువాళ్లను తిట్టడం తేలిక, నేను తిట్టను. వాళ్ల వైపు కూడా ఉంది. సర్కారు వడ్లు మర పట్టించి క్వింటాలుకు పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు తిరిగి ఇవ్వాలి. ఆ బియ్యం తీసుకునే గోదాము ఖాళీ లేకపోతే మిల్లులో బియ్యం కదలదు, బియ్యం కదలకపోతే పాత సీజన్ వడ్లు కదలవు, పాత వడ్లు ఉండగా కొత్త వడ్లు ఎక్కడ దించాలి? ఆరుబయట దించితే వానకు తడుస్తాయి. ఇక లారీ లోపలికి పోయేటప్పుడు ఒకసారి, ఖాళీ అయ్యాక ఒకసారి కాటా వేయాలి, చాలా మిల్లుల్లో కాటా ఒక్కటే. హమాలీలు ఎక్కువమంది బిహార్ వాళ్లు. వానాకాలం వడ్లు మొదలయ్యే సమయానికే వాళ్లకు దీపావళి, ఛఠ్ పండగలు, సగం మంది ఊరికి పోతారు. ఇది ఎవరికీ తెలియని రహస్యం కాదు, క్యాలెండర్లో ఉన్నదే. 2020లో లాక్‌డౌన్ మధ్యలో మే 1న దేశంలో మొదటి శ్రామిక రైలు లింగంపల్లి నుంచి బయల్దేరి జార్ఖండ్‌కు కూలీలను తీసుకెళ్లింది. వారం తిరిగిందో లేదో అదే లింగంపల్లిలో బిహార్ నుంచి వచ్చిన రైలు దిగి హమాలీలు మన మిల్లులకు వచ్చారు. ప్రపంచమంతా ఇళ్లకు పోతుంటే వీళ్లను వెనక్కి తెచ్చుకున్నాం, ఎందుకంటే వాళ్లు లేకపోతే వడ్లు లారీ దిగవని ఆ నెలలో ప్రభుత్వానికి బాగా అర్థమైంది. ఆ తెలివి మామూలు సంవత్సరాల్లో ఎందుకు ఉండదో నాకు తెలియదు.

మిల్లువాళ్ల వైపు చెప్పాను కాబట్టి ఇది కూడా చెప్తాను. లారీకి మించిన చవక గోదాము లేదు. అద్దె లేదు, కరెంటు లేదు, కాపలాకు డ్రైవరే ఉన్నాడు, పైన పట్టా వాడిదే. లారీని మూడు రోజులు నిలబెడితే మిల్లుకు పైసా ఖర్చు కానప్పుడు నిలబెట్టకుండా ఎవరుంటారు? బండి ఓనరుకు మాత్రం కిస్తీ ఆగదు, ఇన్సూరెన్స్ ఆగదు, డ్రైవర్ బత్తా ఆగదు. మా ఫ్యాక్టరీ కాంట్రాక్టుల్లో హాల్టింగ్ అని రాసుకుంటాం, ఇన్ని గంటలు దాటితే రోజుకు ఇంత అని. పేచీలు వస్తాయి, అయినా రాసుకుంటాం. వడ్ల రవాణాలో టన్నుకు ఇంత, ఇన్ని కిలోమీటర్లకు ఇంత అన్నదే గానీ నిలబడ్డ రోజులకు తనకు ఏమీ రాదని మా కాంట్రాక్టర్ అంటాడు. అందుకే కాస్త మంచి కండిషన్‌లో ఉన్న బండి ఏదీ వడ్లకు రాదు. ఏప్రిల్, మేలో ఆ ఓనర్లకు వేరే పని లేకపోతే కదా. గుంటూరు యార్డు మిర్చి ఉంది, ఖమ్మంలో మొక్కజొన్న ఉంది, నూజివీడు, నున్న వైపు మామిడి ఉంది, ఢిల్లీకి మామిడి లోడు పడితే ఒక్క ట్రిప్పులో వచ్చే కిరాయి చూసుకుంటే నలభై కిలోమీటర్ల దూరానికి మూడు రోజులు గేటు ముందు పడుకోవడానికి ఎవడొస్తాడు? పదేళ్లు, పదిహేనేళ్ల పాత బండ్లు, వేరే లోడు దొరకని బండ్లు, కాంట్రాక్టర్ దగ్గర అప్పున్న బండ్లు వస్తాయి.

కొరత రోజుల్లో లారీ ఎవరికి దొరుకుతుంది అన్నదాని మీద నా అనుభవం ఒకటి చెప్తాను, ఇందులో తప్పు నాదే. 2018 జులైలో కేంద్రం లారీలు మోసే బరువు పెంచింది. పది టైర్ల బండి సరుకుతో కలిపి 25 టన్నులు ఉండాల్సింది 28.5 టన్నుల దాకా ఉండొచ్చు అన్నారు. అంటే ఒక్క కొత్త లారీ కొనకుండానే దేశంలో లారీలు పెరిగినట్టే, అంతకుముందు ఆరు బండ్లు మోసే సరుకు ఐదు బండ్లు మోసేస్తాయి. అదే నెలలో లారీల సమ్మె, 20వ తేదీ నుంచి ఎనిమిది రోజులు. సమ్మె అయిపోయింది, ఆ తర్వాత లోడు తక్కువ, బండ్లు ఎక్కువ. పైనుంచి నాకు ఒకటే మాట, రేటు తగ్గించు, బ్యాలెన్సు (సరుకు దిగాక లారీకి ఇవ్వాల్సిన మిగతా కిరాయి) లేటు చెయ్. నేను చేశాను. టన్నుకు రూపాయి రూపాయి బేరమాడి తగ్గించాను, నెలలో ఇవ్వాల్సిన బ్యాలెన్సు రెండు నెలలు చేశాను, గేటు ముందు పన్నెండు గంటలు నిలబెట్టినా ఎవరూ మాట్లాడలేదు, మాట్లాడితే వెనక ఇంకో బండి రెడీ. ఆఫీసులో నాకు మంచి పేరే వచ్చింది.

2020 లాక్‌డౌన్ అయ్యాక సిమెంటు ఆర్డర్లు ఒక్కసారి తిరిగొచ్చాయి. ప్యాకింగ్ దగ్గర బస్తాలు, లారీ లేదు. ఆ రెండేళ్లలో చిన్న ఓనర్లు చాలామంది బండ్లు అమ్ముకున్నారు, కొన్ని ఫైనాన్స్ వాళ్లు తీసుకుపోయారు. మిగిలినవాళ్లకు ఫోన్లు కొట్టాను. హుజూర్‌నగర్ వైపు ఆరు బండ్లున్న ఓనర్ ఒకాయన, పదేళ్లుగా మాకు తిరిగినవాడు, ఫోన్ ఎత్తి నవ్వి "సార్, మీరే స్వయంగా ఫోన్ చేసిన్రంటే ఎవరూ దొరకలేదన్నట్టు" అన్నాడు. బండి మాత్రం పంపలేదు. టన్నుకు అప్పటి మార్కెట్ కంటే ఎక్కువ ఇస్తామన్నా పంపలేదు. ఎందుకు పంపాలి? అవసరమున్నప్పుడు ఎక్కువ ఇచ్చేవాడు అవసరం తీరాక మళ్లీ రేటు కోస్తాడని వాడికి తెలుసు.

ఆ దెబ్బతో మా దగ్గర కొన్ని మార్చుకున్నాం. పైవాళ్లను ఒప్పించడానికి ఎనిమిది నెలలు పట్టింది, అది వేరే కథ. మా రోజువారీ లోడులో ముప్పాతిక వంతు బండ్లకు ఏడాది రేటు రాసుకున్నాం, డీజిల్ పెరిగితే రేటు పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది, అంతే గానీ మార్కెట్లో బండ్లు ఎక్కువయ్యాయని మధ్యలో కోసేది లేదు. మిగతా పావు వంతు ఆ రోజు మార్కెట్ రేటుకే. ఈ పావు వంతు చాలా అవసరం, లేకపోతే మార్కెట్ ఎటు పోతోందో మనకే తెలియదు. బ్యాలెన్సు దిగుమతి కాగితం వాట్సాప్‌లో ఫొటో వస్తే వారంలో వేయడం మొదలుపెట్టాం, ఒరిజినల్ తర్వాత పోస్టులో వచ్చినా సరే. ఇవన్నీ ఒక ఎత్తు, గేటు ఒక ఎత్తు. బండి గేటు లోపలికి వచ్చిన టైము, బయటికి పోయిన టైము బోర్డు మీద రాయడం మొదలుపెట్టాం. ఊరికే రాయడమే, మొదట్లో ఇంకేం చేయలేదు. పద్నాలుగు గంటలు, పదహారు గంటలు అని బోర్డు మీద అంకెలు కనపడేసరికి ప్యాకింగ్ వాళ్లు, బిల్లింగ్ వాళ్లు ఒకరి మీద ఒకరు చెప్పుకోవడం మానేశారు. బిల్లు కొట్టే కుర్రాడు రాత్రి ఎనిమిదికి ఇంటికి పోతున్నాడు కాబట్టి రాత్రి లోడైన బండ్లన్నీ తెల్లారేదాకా ఆగుతున్నాయి అన్న చిన్న సంగతి మాకు అన్నేళ్లూ తెలియదంటే నమ్ముతారా? రాత్రికి ఇంకో మనిషిని పెట్టాం. స్నానాల గది కట్టించాం, భోజనం క్యాంటీన్ రేటుకే పెట్టాం. ఇప్పుడు మా దగ్గర బండి ఐదారు గంటల్లో బయట పడుతోంది, పక్క ఫ్యాక్టరీ కంటే టన్నుకు కొంచెం తక్కువే ఇస్తున్నా లారీలు ముందు మా దగ్గరికే వస్తున్నాయి. ఆ ఆరు బండ్ల ఓనర్ కూడా మళ్లీ తిరుగుతున్నాడు, ఆ మాట మాత్రం ఇప్పటికీ ఎత్తి నవ్వుతాడు.

ఇదంతా ప్రైవేటు వ్యవహారం, సర్కారు వడ్లకు కుదరదు అనొచ్చు. కొంత కుదరదు, టెండర్లు ఉంటాయి, ఆడిట్ ఉంటుంది. కానీ సర్కారుకు మాకు లేని సౌకర్యం ఒకటుంది. మాకు రేపు ఆర్డరు ఎంత వస్తుందో తెలియదు, వాళ్లకు వడ్లు ఎప్పుడొస్తాయో నాలుగు నెలల ముందే తెలుసు. సాగర్ ఎడమ కాలువకు ఏ తారీఖున నీళ్లు వదిలారో చూసుకోండి, నారు పోసిన దగ్గర్నుంచి నాలుగు, నాలుగున్నర నెలలు లెక్కేయండి, మిర్యాలగూడ వైపు ఎప్పుడు కోతలు, కోదాడ వైపు ఎప్పుడు కోతలు అన్నది ఏ రైతును అడిగినా వేళ్ల మీద చెప్తాడు. ఎన్ని ఎకరాలు నాటారో వ్యవసాయ శాఖ దగ్గర ఉంటుంది. ఏ కేంద్రానికి ఏ వారంలో ఎన్ని లారీల వడ్లు వస్తాయో జనవరి నెలాఖరుకే కాగితం మీద పెట్టుకోవచ్చు. ఆ కాగితంలో మొదటి కాలమ్ లారీలు కాకూడదు, ఏ మిల్లులో ఎంత జాగా ఖాళీ ఉంది, రోజుకు ఎన్ని లారీలు దించగలదు అన్నది ఉండాలి. రోజుకు ఎనిమిది లారీలు దించే మిల్లుకు ఇరవై లారీల కేంద్రాలను అంటగడితే మిగిలిన పన్నెండు ఎక్కడ నిలబడతాయో ముందే చెప్పొచ్చు. జాగా నిండిన మిల్లుకు లారీ పోకముందే ఇంకో మిల్లుకు మార్చాలి. పోయి మూడు రోజులు నిలబడ్డాక మారిస్తే ఆ లోడు మళ్లీ ఇంకో వరసలో చివర చేరుతుంది. మా కాంట్రాక్టర్ బండికి ఈ సీజన్లో అలా ఒకసారి జరిగింది, ఒక్క ట్రిప్పుకు ఆరు రోజులు పట్టింది.

కోతల సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. మా నాన్న రోజుల్లో కొడవళ్లతో కోసేవాళ్లు, కుప్ప వేసి, తీరిగ్గా నూర్చేవాళ్లు, ఊరి వడ్లన్నీ బయటికి రావడానికి నెల పైనే పట్టేది. ఇప్పుడు మెషీన్లు దిగితే వారంలో ఊరు మొత్తం ఖాళీ. మెషీన్ ఊళ్లో ఉన్నప్పుడే కోయించుకోవాలి, లేకపోతే మళ్లీ ఎప్పుడొస్తుందో తెలియదని కాస్త పచ్చిగా ఉన్నా కోయిస్తున్నారు. కోత వేగం నాలుగింతలైంది, లారీ ఎక్కించే హమాలీల సంఖ్య పెరగలేదు, మిల్లు కాటా రెండోది రాలేదు. దగ్గరి ఊళ్లకైనా ట్రాక్టర్లు పెట్టుకోవాలి. పది, పదిహేను కిలోమీటర్లకు పది టైర్ల లారీ ఎందుకు? ఊళ్లో ట్రాక్టర్లు ఉన్నాయి, కోతలయ్యాక వాటికి పనీ తక్కువే. కొన్నిచోట్ల రైతులే విసుగొచ్చి సొంత ఖర్చుతో ట్రాక్టర్లలో వేసుకుపోతున్నారు. ఆ కిరాయేదో లెక్క కట్టి వాళ్లకే ఇచ్చేస్తే లారీలు దూరం మిల్లులకు మిగులుతాయి.

రైలు ఉంది కదా అని మొన్న ఒక రిటైర్డ్ సార్ అన్నారు. ఉంది, మంచిదే. నలభై రెండు వ్యాగన్ల రేక్, అంటే ఒక పూర్తి గూడ్సు రైలు, దాదాపు 2,600 టన్నులు మోస్తుంది, మన పది టైర్ల బండ్లయితే నూటనలభైకి పైగా. దూరానికి రైలుకు సాటి లేదు. అయితే రేక్ మిర్యాలగూడ గూడ్స్ షెడ్డులో ఆగుతుంది గానీ ఊళ్లోకి రాదు, అక్కడ దించిన సరుకు గోదాములకు, సొసైటీలకు చేరాలంటే మళ్లీ లారీలే. పైగా రైల్వే వాళ్లది గంటల లెక్క, టైము దాటితే జరిమానా పడుతుంది, కాబట్టి ఎరువుల రేక్ వచ్చిందంటే చుట్టుపక్కల లారీలన్నీ ఆ రోజు అటే. మే చివరన, జూన్లో ఒకవైపు వడ్లు ఇంకా కల్లాల్లో ఉండగానే వానాకాలానికి యూరియా రేకులు మొదలవుతాయి. రేక్ ఏ రోజు వస్తుందో ముందే తెలుస్తుంది. ఆ కబురు వడ్ల లారీలు చూసే ఆఫీసు దాకా ఎందుకు పోదు? ఎరువుల ఆఫీసు వేరు, వడ్లు చూసే సివిల్ సప్లైస్ వేరు. డ్రైవర్లకు మాత్రం రెండూ తెలుసు. ఏ ఆఫీసర్‌కూ లేని సమాచారం నాకు సగం రోజులు టీ కొట్టు దగ్గరే దొరుకుతుంది.

డ్రైవర్ల గురించి ఎక్కువ రాయను, అది ఇంకో ఉత్తరమంత ఉంది. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే లారీలకు ఏసీ క్యాబిన్ ఉండాలని రూలు వచ్చింది, సంతోషం. కానీ వడ్ల బండ్లు పదేళ్లు, పదిహేనేళ్ల పాతవి, ఆ ఏసీ వాటి దాకా రావడానికి ఇంకో పదిహేనేళ్లు. మే ఎండలో ఇనుప క్యాబిన్లో మూడు రోజులు కూర్చున్నవాడు తన కొడుకును ఈ పనిలోకి రానిస్తాడా? నేను 22 ఏళ్లలో వేలమంది డ్రైవర్లను చూశాను, నా కొడుకు కూడా డ్రైవరే అని చెప్పినవాళ్లు ఈమధ్య ఒకరిద్దరు కూడా తగల్లేదు. రేపు లారీలుండి డ్రైవర్లు లేక ఆగే రోజు వస్తే గేటు ముందు గడిపిన ఆ మూడు రోజులను కూడా లెక్కలో వేసుకోవాలి.

మీకు నా విన్నపం ఒకటే. ఈసారి మీ విలేకరిని, ఫొటోగ్రాఫర్‌ను కల్లం దగ్గరికి కాకుండా తెల్లవారుజామున ఐదింటికి ఏదైనా ఒక మిల్లు గేటు దగ్గరికి పంపండి. వరసలో ఉన్న లారీల నంబర్లు రాసుకోమనండి, ఒక్కో డ్రైవర్‌ను ఏ రోజు ఏ టైముకు వచ్చావని అడగమనండి. మర్నాడు అదే టైముకు మళ్లీ పంపండి, వాటిలో ఎన్ని కదిలాయో చూసి ఆ అంకెలు వేయండి. వ్యాఖ్య అక్కర్లేదు, అంకెలు చాలు. మా గేటు దగ్గర బోర్డు పెట్టినప్పుడు మేం కూడా అంతే చేశాం. ఆ డ్రైవర్లు మాట్లాడతారు, కాస్త టీ ఇప్పించండి చాలు.

మా తమ్ముడు ఇప్పుడే ఫోన్ చేశాడు. రేపు పొద్దున్నే లారీ వస్తుందని కేంద్రంలో చెప్పారట. నిన్న కూడా అదే చెప్పారు. పడమట మబ్బు పట్టింది, ఇంకో రెండు పట్టాలు ఉంటే పట్టుకు రమ్మన్నాడు, బయల్దేరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
కోదాడ, సూర్యాపేట జిల్లా.

తా.క.: ఉద్యోగంలో ఉన్నవాణ్ని కాబట్టి పేరు వేయవద్దని మనవి. ఉత్తరం పెద్దదైంది, మీకు జాగా చాలకపోతే మా ఫ్యాక్టరీ కథంతా తీసేయండి, 30 లారీల లెక్క ఉన్న పేరా మాత్రం అలాగే ఉంచండి.